తొందరపడి లేచే పేర్ల మిషను

మా అక్క జ్ఞాపకశక్తి గురించి చెబితే కోతలంటారు. అయినా చెబుతాను. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన పన్నెండేళ్ళూ లోపలి నంబర్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మూడో వార్డు కిటికీ మీద వాలే పావురం ఎవరిదని అడిగినా, ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలో చెప్పేది.

ఫోన్ల బోర్డు తీసేశాక ఆమె కంప్యూటర్లు నేర్చుకుని మరీ అక్కడి మిషన్ల గదిలో చేరింది. అక్కడొక మిషనులో నేమ్ సర్వర్ అనే ప్రోగ్రాముంది. అక్క పాత పనే దాని పని: ల్యాబ్ ఎక్కడుందని ఏ కంప్యూటరు అడిగినా నంబరు చెప్పడం. అది పలకకపోతే ల్యాబ్ రిపోర్టు వార్డుకు చేరదు. కంప్యూటర్లన్నీ దారి తప్పిన చుట్టాల్లా బిక్కమొహం వేస్తాయి.

కిందటి నెల దానికో జబ్బు పట్టుకుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మిషను లేస్తుంది, అందులోని నేమ్ సర్వర్ మాత్రం లేవదు. అక్క పరుగెత్తుకెళ్ళి చేత్తో మొదలుపెడితే ఏమీ ఎరగనట్టు ఠక్కున లేచి కూర్చుంటుంది. రెండు వారాలు చూసి సూపరింటెండెంటు గారు తేల్చేశారు.

"శుక్రవారం దాకా చూస్తానమ్మా. దానంతట అది లేవకపోతే బయటి కంపెనీకి అప్పగించేస్తాను. మీరు రిసెప్షన్‌లో కూర్చుందురుగాని."

రిసెప్షన్ అంటే రోజంతా చీటీలు చింపడం. ఆ సాయంత్రం అక్క చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది. బావ మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నాకా, కంప్యూటర్లు పుట్టుకతో వచ్చిన విద్య. నాకు చెప్పడానికి లెక్చరర్ల దగ్గర ఏమీ మిగల్లేదనే కాలేజీ మధ్యలో వదిలేశాను. అందుకని గురువారం ఉదయం అక్క వెంట వెళ్ళాను.

"పక్కన రెండు తగిలించు అక్కా. మన రేడియో అలాగేగా దారికొచ్చింది."

"ఆ రేడియో ఇప్పుడెక్కడుందిరా?"

"అటక మీద."

"అయితే నోరు మూసుకుని నిలబడు."

"లేపితే లేస్తోంది, తనంతట తను లేవట్లేదు. ఇది ఉత్త బద్ధకం. నాకు తెలుసు."

"నీకు తెలియని బద్ధకమేముందిలే!"

మిషను మొదలయ్యేటప్పుడు తెర మీద అక్షరాలు తరుముకొచ్చినట్టు పరిగెడతాయి. చదివే వీలుండదు. అక్క ఫోను స్టూలు మీద నిలబెట్టి, మిషను ఆపి మళ్ళీ వేసి, తెరను వీడియో తీసింది. తర్వాత దాన్ని వేలితో ఆపి ఆపి ఒక్కో వరుసా చదివింది. ప్రతి వరుస పక్కనా సెకన్లున్నాయి. పన్నెండో సెకనులో నేమ్ సర్వర్ లేచి, తన నంబరు, అంటే తన చిరునామా, దొరకలేదని పడిపోయింది. ముప్పై ఒకటో సెకనుకు గానీ నెట్‌వర్కు లైను రాలేదు. కిందటి నెల మార్చిన కొత్త నెట్‌వర్కు పెట్టె, లైను ఇచ్చే ముందు తీగను పరీక్షించుకుంటుందట.

అక్క తొడ మీద చరుచుకుంది. "ఇది బద్ధకం కాదురా, అతి తొందర! తనకే ఇంకా చిరునామా లేదు, ఊరందరికీ చెప్పడానికి కూర్చుంది. ఆలూ లేదు, చూలూ లేదు..."

"మరి నువ్వు లేపితే లేస్తోందిగా?"

"నేను వెళ్ళేసరికి లైను వచ్చేసుంటుంది. ఇన్నాళ్ళూ నా చెయ్యే నన్ను మోసం చేసింది."

లైను వచ్చి చిరునామా దొరికేదాకా ఆగమని దాని సెట్టింగుల్లో రెండు వరుసలు రాసింది. అంతే.

శుక్రవారం సూపరింటెండెంటు గారే స్వయంగా ప్లగ్గు పీకి పెట్టారు. అక్క చేతులు వెనక్కి కట్టుకుంది. పన్నెండో సెకను గడిచింది. ఇరవై. ముప్పై. ఆ గదిలో ఊపిరి పీల్చింది ఫ్యాను ఒక్కటే. అంతలో ల్యాబ్ నుంచి ఫోను: "మేడం, మూడో వార్డుకు రిపోర్టు వెళ్ళిపోయింది!"

"ఇంకోసారి," అన్నారాయన. మూడుసార్లు పీకారు. మూడుసార్లూ దానంతట అదే లేచింది.

"మీరిక్కడే ఉండండమ్మా. రిసెప్షన్‌కు ఇంకెవరినైనా చూసుకుంటాను." ఆయన చూపు నా మీద పడింది. "మీ తమ్ముడు ఖాళీయేనా?"

"పూర్తిగా ఖాళీ సార్," అంది అక్క. ఇన్ని రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. అప్పటికే పరుగు లంకించుకున్న నేను ఆ నవ్వు మెట్ల కిందినుంచి విన్నాను.