షుకర్, శక్కర

నా చిన్నప్పుడు చెన్నూరులోని మా ఇంట్లో వారం రోజులు ఎవరూ నవ్వలేదు. బొగ్గుబాయిలో పనిచేసే బాపు, ప్రమాదంలో కుడిచెయ్యి పోగొట్టుకుని దవాఖానా నుంచి ఇంటికి వచ్చాడు. నేను అవ్వ అని పిలిచే మా అమ్మ వేళకు కట్టు మార్చేది, అన్నం తినిపించేది. ఆయన ముఖంలోకి మాత్రం చూసేది కాదు. ఆమె చూపంతా ఆ తెల్లటి కట్టు మీదే. బాపు గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాళ్లిద్దరూ మళ్లీ ఎప్పటిలా మాట్లాడుకోరేమో అన్నదే నా భయం.

ఒక సాయంత్రం పక్కింటి ఖాలమ్మ వచ్చింది. బీడీలు చుట్టి బతికే ముసలామె. చేతుల నిండా పొగాకు వాసన. మంచం పట్టె మీద కూర్చుని బాపు తల నిమిరింది.

“ఏం మిగిలింది ఖాలమ్మా? రెక్కనే పాయె. ఇగ మేమెట్ల బతకాలె?” అంది అవ్వ.

ఖాలమ్మ కళ్లు మూసుకుని “షుకర్... షుకర్” అంది.

నాకది శక్కర అని వినిపించింది. ఇంటికొచ్చిన మనిషి నోరు తెరిచి అడిగితే లేదనడం ఎలా? పరుగున వెళ్లి, డబ్బా అడుగున అంటుకున్న చక్కెరంతా చెంచాతో గీకి సాసర్‌లో తెచ్చాను.

“ఇగో ఖాలమ్మా, శక్కర. గింతే ఉన్నది.”

ఆమె తెల్లబోయింది. “నేనెప్పుడు అడిగిన్నే?”

“రెండుసార్లు అడిగినవ్ గద!”

మంచం మీద నుంచి నవ్వు వినిపించింది. “పిచ్చిపొల్లా! షుకర్ అంటే దేవునికి దండం పెట్టుడే,” అన్నాడు బాపు, నవ్వు ఆపుకోలేక.

అవ్వ తలెత్తింది. అన్ని రోజుల తర్వాత ఆయన ముఖంలోకి చూసింది.

“గా బాయిలకెల్లి గీ నవ్వు ఇంటికొచ్చింది బిడ్డా. నేను షుకర్ అన్నది గందుకే,” అంది ఖాలమ్మ మెల్లగా.

అవ్వ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి ఆ చక్కెరతోనే చాయ్ పెట్టింది. ఎడమచేత్తో కప్పు ఎత్తబోయి బాపు ఒలకబోసుకుంటే, పక్కన కూర్చుని తానే పట్టుకుని తాగించింది.

ఆ తర్వాతి ఏళ్లు తేలిగ్గా గడవలేదు. అవ్వ ఖాలమ్మ దగ్గర బీడీలు చుట్టడం నేర్చుకుంది. బాపు ఒంటిచేత్తో ఆకు తడిపి ఇచ్చేవాడు. పని చేసుకుంటూ ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉండేవారు.

ఇప్పుడు నాకు షుగర్ జబ్బు. చాయ్‌లో చక్కెర మానేసి ఏళ్లయింది. అయినా ప్రతి ఉదయం మొదటి గుక్క మింగాక, ఇంట్లో ఉన్నవాళ్ల ముఖాలు ఒక్కసారి చూసి, “శక్కర” అనుకుంటాను. సరైన మాట నాకు తెలుసు. కానీ నా దండం మాత్రం అదే.