పహిల్వాన్ అరచేతికి కట్టిన కట్టు

అది 1949 వేసవి. పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది నిండలేదు. నేను రామన్నపేట సర్కారీ దవాఖానలో కంపౌండర్‌ని. డాక్టరు గారు నల్లగొండ నుంచి వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా ఐదు రోజులూ మందు కలిపేది, కట్టు కట్టేది, చీవాట్లు పెట్టేది అన్నీ నేనే. గొడవల కాలంలో ఆగిపోయిన మా ఊరి జాతర ఆ ఏడే మళ్ళీ జరిగింది. రజాకార్ల భయం పోయినా మిలిటరీ క్యాంపు భయం జనానికి ఇంకా పోలేదు. అయినా కుస్తీలు అనేసరికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వచ్చాయి.

ఆఖరి కుస్తీ గెలిచినవాడికి వెండి కడెం. దానికోసం మోత్కూరు నర్సిమ్మ, రామన్నపేట సత్తయ్య తలపడ్డారు. ఇద్దరూ జాతర జాతరకూ తిరిగి కుస్తీలు పట్టేవాళ్ళు, మిగతా రోజుల్లో ఎవరి బావి దగ్గర వాళ్ళు ఎద్దులతో నీళ్ళు తోడుతూ మోట కొట్టేవాళ్ళు. సత్తయ్య ఎత్తి వేయడంతో నర్సిమ్మ కుడి భుజం జారింది. మంచం మీద మోసుకొచ్చారు. ఎముక విరగకుండా కీలు మాత్రం తప్పితే దాన్ని డిస్లొకేషన్ అంటారు. అదృష్టం కొద్దీ ఆరోజు డాక్టరు గారు ఉన్నారు, లాగి సరిచేశారు. నర్సిమ్మ కిక్కురుమనలేదు. అతని కాళ్ళు పట్టుకుని తన్నులు తిన్న నేనే అరిచాను.

"నెలన్నర దాకా కదిలించొద్దు. మళ్ళీ జారిందంటే ఇక అంగీ తొడుక్కున్నా జారుతుంది. మోట కూడా కొట్టలేడు" అన్నారు డాక్టరు గారు.

ఆ రోజుల్లో ఎవరికి దెబ్బ తగిలినా కారణం రిజిస్టరులో రాయాలి. తుపాకీ గాయాలేమైనా ఉన్నాయా అని మిలిటరీవాళ్ళు వచ్చి చూసేవాళ్ళు. 'కుస్తీలో సత్తయ్య ఎత్తి వేయగా' అని రాసి పైకి చదివాను. అదే నేను చేసిన తప్పు.

"ఎత్తేసిండని రాస్తిరా? కొట్టెయ్యుండ్రి సారూ! నా కాలు జారింది. గాడు నన్ను ఎత్తేసుడేంది?" అని మంచం మీద నుంచే లేచాడు నర్సిమ్మ.

"గిది మిలిటరోళ్ళు చూసే బుక్కు. కొట్టేస్తే నా నౌకరి పోతది" అన్నాను.

"నౌకరి పోతే ఇంకోటొస్తది. నా ఇజ్జత్ పోతే యాడికెళ్ళొస్తది?"

మర్నాడు పొద్దున్నే సత్తయ్య దిగాడు, చేతికి కడెం తళతళలాడుతుంటే. ఒంటి మీద గీత కూడా లేదు. "బుక్కుల ఏం రాసిండ్రో జర చదువుండ్రి సారూ" అన్నాడు. చదివాను. "ఇంకోపారి చదువుండ్రి, జర గట్టిగ" అన్నాడు. ఇక లోపలి నుంచి నర్సిమ్మ, గుమ్మంలోంచి సత్తయ్య మొదలుపెట్టారు. జ్వరంతో వచ్చినవాళ్ళు జ్వరం మరిచిపోయి చుట్టూ చేరారు.

"మూడు వారాలకు మా మోత్కూరు అంగట్లకు రా. ఒంటి చేత్తోనే పండబెడ్త!" అన్నాడు నర్సిమ్మ.

"వస్త! రాకుంటే నేనోడినట్టే" అన్నాడు సత్తయ్య.

ఇద్దరినీ కలిపి తిట్టాను కానీ ఎవరు వింటారు? తర్వాత ఎన్నిసార్లు నచ్చజెప్పినా నర్సిమ్మది ఒకటే మాట: "పోకపోతే ఓడినట్టే సారూ." చెయ్యి పోతే మోట ఎవరు కొడతారని అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

కుస్తీకి వారం ముందు సత్తయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతికి కడెం లేదు. వెనక తలుపులోంచి మందుల గదిలోకి దూరి, నా ముందు కాలు చాపాడు.

"నా కాలుకు పట్టీ కట్టుండ్రి. ఇరిగిందని బుక్కుల రాయుండ్రి."

"కాలుకేమైంది?"

"ఏం కాలే." చాపిన కాలు ఇంకాస్త ముందుకు జరిపాడు. "గా నర్సిమ్మ చెయ్యి మల్ల జారితే, నేనెవనితోని పట్టాలె సారూ?"

నాకు ఒక్కసారిగా ఆ మనిషి మీద ఎంతో ఇష్టం కలిగింది. అయినా దొంగ కట్టు కట్టనని చెప్పాను. తర్వాత ఊరికే అడిగాను, కుస్తీ మొదలైనట్టు ఎప్పుడు లెక్క అని.

"కుడి చేతులకు మట్టి రాసుకొని గవే కలిపితేనే. కలపనోని మీద పడుడు తప్పు. గాని బరి కాడికి వచ్చి నిలబడ్డోడు ఓడినట్టు కాదు" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. అతనికి ఎందుకో అర్థం కాలేదు.

డాక్టరు గారు రాగానే, నర్సిమ్మ కుడి చేతిని వేళ్ళ కొసల నుంచి భుజం దాకా కలిపి ఛాతీకి కట్టేయవచ్చా అని అడిగాను. "అయితే ఇంకా మంచిది" అన్నారు. కట్టేసి, విప్పుకోకుండా పైన ప్లాస్టర్ వేశాను. తడిపి వేస్తే ఆరాక రాయిలా గట్టిపడే పొడి అది. "ఏళ్ళు గూడ ఎందుకు సారూ?" అన్నాడు నర్సిమ్మ. డాక్టరు సాబ్ హుకుం అన్నాను. అబద్ధమేమీ కాదు.

సంత జరిగే ఆ అంగడి రోజు నేనూ అతని బండిలోనే మోత్కూరు బయలుదేరాను. దారిలో మిలిటరీవాళ్ళు ఆపారు. అంత కట్టు చూసి తుపాకీ దెబ్బే అనుకున్నారు. రిజిస్టరులోది రాసుకొచ్చిన చీటీ చదివి వినిపిస్తే పగలబడి నవ్వారు. "సత్తిగాడు ఎత్తేసిండని ఈల్లకు గూడ చదివితిరా!" అని నర్సిమ్మ దారంతా నాతో మాట్లాడలేదు.

బరిలో సత్తయ్య మట్టి రాసుకుని కుడి చెయ్యి చాపాడు. నర్సిమ్మ ఎడమ చెయ్యి ఇచ్చాడు. "ఎడమ చెయ్యి చెల్లది" అన్నాడు సత్తయ్య. పెద్దమనుషులు తలలూపారు. ఇద్దరూ వచ్చారు కాబట్టి ఎవరూ ఓడలేదు, చేతులు కలవలేదు కాబట్టి కుస్తీ లేదు. ఇక ఇద్దరూ గంటసేపు తిట్టుకున్నారు. వట్టి తిట్లకు జనం అంతలా ఈలలు వేయడం నేను మళ్ళీ చూడలేదు.

నెలన్నర నిండాక ప్లాస్టర్ కోశాను. నర్సిమ్మ చెయ్యి మెల్లగా లేపి తల మీదుగా పైకెత్తాడు. నాకు కళ్ళు చెమర్చాయి. అతను అంగీ తొడుక్కుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"సారూ, బరిల చేతులు కలుపుడు ముచ్చట మీకు చెప్పింది గా సత్తిగాడే గద?"

నేను కోసిన ప్లాస్టర్ ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"నాకు తెల్సిందని గానికి చెప్పకుండ్రి. చెప్తే ఇంగ గాన్నెట్ల తిడ్త?"

చెప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళిద్దరూ జాతర జాతరకూ పట్టుకున్నారు, తిట్టుకున్నారు, కడెం ఆ చేతికీ ఈ చేతికీ మారింది. ఎవరికి దెబ్బ తగిలినా రెండోవాడు మర్నాడు పొద్దున్నే రిజిస్టరు చదివించుకోవడానికి వచ్చేవాడు. చదువుతూ ఓరకంట చూసేవాణ్ణి, అతని కళ్ళు మాత్రం లోపలి మంచం మీదే ఉండేవి. కంపౌండర్‌గా నేను ఎన్నో నొప్పులకు మందిచ్చాను. ఆ పగకు మాత్రం మందివ్వకూడదని వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.