అబిడ్స్‌లో జెండా దిగేదాకా

మా అక్క భర్త లక్ష్మయ్య బావ రెండేళ్ల కిందట అబిడ్స్ రోడ్డు మీద మూడు రంగుల జెండా పట్టుకున్నందుకు నిజాం పోలీసుల లాఠీ దెబ్బలు తిన్నాడు. కుడిచేతి వేళ్లు విరిగాయి, జైలుకూ వెళ్లాడు. హైదరాబాదు దేశంలో కలిశాక మాకు వచ్చిన మొదటి ఆగస్టు పదిహేను ఇది, 1949. ఆ చోటే నిలబడి జెండా ఎక్కడం చూడాలని ఆయన కోరిక. తోడు వెళ్లమని అక్క నన్ను పంపింది.

తెల్లవారి అయిదు గంటలకు వికారాబాదులో బండి ఎక్కాం. కూరగాయల గంపతో కూర్చున్న ఒకావిడ బావ చేయి చూసి, జరిగి చోటిచ్చింది.

"యాడికి పోతున్రు?"

"జెండా పండుగకు," అన్నాడు బావ.

"గదేం పండుగ? గా దినం ఏం వండుతరు?"

"ఇప్పుడే షురువాయె గదమ్మా. ఏం వండాల్నో ఇగ మనమే సూడాలె."

లింగంపల్లిలో బండి గంటన్నర నిలిచిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. నాంపల్లిలో దిగేసరికి తొమ్మిదిన్నర. టాంగా దొరక్క, తుంపరలో అబిడ్స్ దాకా నడిచాం. బావ దారిలో రెండుసార్లు ఆగాడు. ఆయన దెబ్బలు తిన్న చోటికి ఎదురుగా ఉన్న బడిలో జెండా అప్పటికే ఎగురుతోంది. నేలంతా తడిసిన కాగితపు తోరణాలు.

"ఎనిమిదింటికే అయిపోయింది సాబ్," అన్నాడు ముసలి చౌకీదారు.

బావ గోడకానుకుని కూర్చున్నాడు. నాకు విసుగొచ్చింది. మధ్యాహ్నం బండికి వెళ్లిపోదామన్నాను.

"మల్ల దించుతరు గదా?" అని ఆయన చౌకీదారును అడిగాడు.

"ఔ. పొద్దుగూకేటప్పుడు నేనే దించుత."

"గట్లైతే ఉంట."

ఇరానీ హోటల్లో చాయ్ తాగి, బన్ను తిని, బడి వరండాలో చేరాం. నేను నిద్రపోయాను. బావ కన్ను మూయలేదు.

ఆరున్నరకు చౌకీదారు తాడు విప్పుతూ, "ఒక్కణ్ణే ఉన్న. కింద పడొద్దు, జర పట్టుకోండ్రి," అన్నాడు. నేను లేవబోతే బావ వద్దని సైగ చేశాడు. తానే రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ముడుచుకోని ఆ వేళ్ల మీదికి తడి జెండా దిగింది. ఇద్దరూ అంచులు కలిపి మడతపెట్టారు. సరిగా కుదరక రెండుసార్లు విప్పారు. బావ కళ్లు తుడుచుకుంటుంటే చౌకీదారు అటు తిరిగి, చాలాసేపు తాడు చుడుతూ ఉండిపోయాడు.

తిరుగు బండిలో కూర్చోవడానికి చోటు దొరికింది. కాళ్లు పీకుతున్నాయి, బట్టలు ఇంకా ఆరలేదు. వచ్చే ఏడు వెళ్లదలచినవారు ముందు రోజే చేరుకోవడం మంచిది. ఊరేగింపులు, ఉపన్యాసాలు నేను చూడలేదు, వాటి సంగతి రాయలేను.

"అక్క అడిగితే ఏం చెప్పాలె బావా?" అన్నాను.

"పోయిన పనైందని చెప్పు," అన్నాడు. శంకరపల్లి రాకముందే నిద్రపోయాడు.