డాక్టరమ్మ మడతపీట

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మేమంతా ఆవిడని డాక్టరమ్మ అనేవాళ్ళం. వచ్చి యాభై ఏళ్ళయినా, ఆవిడ జర్మన్ మాట్లాడితే గుంటూరులో తగువాడుతున్నట్టే ఉండేది. రిటైరయ్యాక ఆవిడకి ఒకటే పని: మనవాళ్ళ పిల్లల కోసం గవర్నమెంటు బడికి వెళ్ళి టీచర్లతో మాట్లాడటం. చంకలో ఎప్పుడూ ఒక మడతపీట.

"నిలబడి మాట్లాడితే తొందరగా పంపించేస్తారే," అనేది.

కరోనా రోజులు. మా అమ్మాయికి నాలుగో తరగతి. ఆ తర్వాత పిల్లలు ఏ బడికి వెళ్ళాలో ఇక్కడ టీచరే సిఫార్సు చేస్తుంది. మాకు ఐదు నిమిషాల టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చారు. నేనూ డాక్టరమ్మా మాస్కులు వేసుకుని బడి ఆవరణలో నిలబడ్డాం.

"మార్కులు బాగున్నాయి. కానీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు కదా, యూనివర్సిటీకి పంపే గిమ్నాజియం కష్టం," అంది టీచరు. నేను బుద్ధిగా తలూపాను.

డాక్టరమ్మ పీట వేసుకుని కూర్చుంది. "ఇదే క్లాసులో అమెరికా తెల్లబ్బాయి ఉన్నాడుగా. వాళ్ళింట్లో ఇంగ్లీషే. వాడికీ ఇదే చెప్పారా?"

"అతనికి రెండు భాషలొచ్చు," అంది టీచరు.

"మా పిల్లకి మూడొచ్చు."

అరగంటలో సిఫార్సు మారింది. అయినా నా కోపం చల్లారలేదు, పిల్లని ప్రైవేటు బడిలో వేసేస్తానన్నాను. ఆవిడ నామీద పడింది.

"నువ్వు పారిపోతే పక్క బెంచీలో టర్కీ పిల్ల తరఫున ఎవరడుగుతారే? అది మన బడి కాదూ?"

మరుసటి వారం ఆ పిల్ల తల్లితో ముగ్గురం వెళ్ళాం. ఆవరణలో డాక్టరమ్మ కోసం ముందే కుర్చీ వేసి ఉంచారు. ఆవిడ దాన్ని టీచరు వైపు జరిపి, తన పీట విప్పుకుంది.

"మీరు కూర్చోండి. ఇవాళ చాలాసేపు పడుతుంది."