నలభై రెండు సైజు బనీను

కరోనా వార్డు మూసేసిన మరుసటి వేసవిలో నన్ను అనంతపురంలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రి రెండో అంతస్తుకు, సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టరుగా వేశారు. స్టాఫ్ నర్సుకు పైన, నర్సింగ్ సూపరింటెండెంటుకు కింద ఉండే హోదా అది. పైనుంచి దిగే తిట్లు, కిందినుంచి ఎక్కే తప్పులు రెండూ వచ్చి ఆగేది అక్కడే. అప్పటికి నా సర్వీసు ముప్పై ఏళ్లు దాటింది. మనిషి గుమ్మంలోకి రాగానే బరువెంతో, బీపీ ఎంతో చెప్పగలనని నాకో గర్వం ఉండేది. ఆ గర్వం ఒక బనీను దగ్గర బోల్తా పడింది.

రామాంజి గుంతకల్లు రైల్వేలో టెక్నీషియను. సొంతూరు బత్తలపల్లె దగ్గర. మగవాళ్లలో కొందరికి రొమ్ములు ఆడవాళ్లకు మాదిరి పెరుగుతాయి. వైద్యంలో గైనకోమాస్టియా అంటారు. ప్రాణానికి ముప్పేమీ లేదు గానీ, ఆ మనిషి బనీనుతో వాకిట్లోకి రాలేడు, నలుగురిలో స్నానం చేయలేడు. రామాంజికి తనకల్లు వైపు సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి నెల గడువుంది. ఆపైన పెళ్లి, పెళ్లికి ముందు నలుగు. నలుగు పెట్టాలంటే పెళ్లికొడుకు చొక్కా తీసి పీట మీద కూర్చోవాలి. ఊరి ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఒంటికి పసుపు రాస్తారు. ఆ పీట తలుచుకునే అతను మా ఆసుపత్రి మెట్లెక్కాడు.

ఆపరేషన్ పెద్దదేం కాదు. చనుమొన కింద చిన్న కోత పెట్టి లోపలి గడ్డను తీస్తారు, చుట్టూ ఉన్న కొవ్వును సన్నటి గొట్టంతో లాగేస్తారు. అసలు పని ఆ తర్వాతే ఉంటుంది. ఖాళీ అయిన చోట నీరు చేరకుండా, చర్మం మళ్లీ కండకు అతుక్కునేలా కొన్ని వారాలు బిగుతైన బనీను వేసుకోవాలి. డాక్టర్లు కంప్రెషన్ వెస్ట్ అంటారు. మా వార్డులో దాని పేరు టైట్ బనీను. స్నానానికి తప్ప తీయకూడదు.

సెలవు చీటీలో రామాంజి "ఛాతీ ఆపరేషన్" అని రాశాడు. ఇంట్లోనూ అంతే చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయితే బత్తలపల్లెలో ఛాతీ అంటే గుండె. వారం తిరక్కుండానే ఆ వార్త తనకల్లు చేరింది.

బనీను సైజు తీసే పద్ధతి ఇది: టేపు చంకల కిందుగా, చనుమొనల మీదుగా చుట్టూ తిప్పాలి, ఊపిరి వదిలాక అంకె చూడాలి. అతను ఆసుపత్రిలో చేరిన రోజు నేను టేపు తీయలేదు. రామాంజి రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుని గోడవైపు చూస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడు గదా అని, "నీ సైజు ఎంతప్పా?" అని అడిగేశాను. నలభై రెండన్నాడు. రాసేశాను. జాలి అనుకున్నాను, నిజానికి నాకు అవతల ఇంకో మూడు డ్రెస్సింగులున్నాయి.

ఐదో రోజు రివ్యూకు వచ్చేసరికి ఎడమవైపు నీరు చేరింది. బనీను ఒంటి మీద సంచిలా వేలాడుతోంది. డాక్టరు సిరంజితో ఆ నీరు లాగి, కొలత ఎవరు తీశారన్నారు. అడిగి రాశానన్నాను. అడిగి రాయడానికి ముప్పై ఏళ్ల సర్వీసు దేనికని, జూనియర్ల ముందే అన్నారు. అప్పుడు టేపు పెట్టి చూస్తే ముప్పై ఎనిమిది. పదో తరగతి నుంచీ రామాంజి టైలరుకు "ఇంగా లూజు పెట్టన్నా" అనే చెబుతూ వచ్చాడట. ఆ చొక్కాల కొలతే నాకు చెప్పాడు. ఒంటి మీద నాలుగంగుళాల సిగ్గు ఉంటుందని నాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ముప్పై ఎనిమిది తెప్పించి నా చేత్తోనే తొడిగి పంపాను.

అంతటితో అయిపోలేదు. నీరు చేరిందన్న భయంతో అతను గుంతకల్లు వెళ్లి, సొంత తెలివితో ఆన్‌లైన్లో ముప్పై నాలుగు తెప్పించుకున్నాడు. మూడో వారం రివ్యూకు వచ్చినప్పుడు వెంట కాబోయే మామ ఓబుళేశు ఉన్నాడు. యాభై దాటిన వేరుశనగ రైతు. వదులు జుబ్బా, దానిపైన రెండు భుజాల మీదుగా ఛాతీ నిండా వేలాడే మందపాటి తువ్వాల. ఎండ కాల్చేస్తున్నా ఆ తువ్వాలతో చెమట తుడుచుకుంటాడే గానీ, దాన్ని తీయడు. సంబంధం ఉంచుకోవాలో, వదులుకోవాలో తేల్చుకోవడానికే వచ్చాడు. ఆ సంగతి దాచనూ లేదు. రామాంజి మొదటి అంతస్తు మలుపులోనే ఛాతీ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

ఓబుళేశు తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, పిల్లోనికి గుండెకాయ కోసినారంట, నిజమేనా? నాకుండేది ఒక్కతే కూతురు."

రోగి సంగతి అతని అనుమతి లేకుండా మూడో మనిషికి చెప్పకూడదు. అది మా మొదటి నియమం. "కింద బోర్డు సూసినావా అన్నా? ఈడ గుండె ఆపరేషన్లే చేయరు" అన్నాను.

"సూసినా. మరి నాలుగు మెట్లెక్కితే ఎగపోసుకుంటాండాడే?"

లేచి మెట్ల దగ్గరికి వెళ్లాను. రామాంజిని గదిలోకి తీసుకెళ్లి చొక్కా విప్పించాను. చంకల కింద ఎర్రటి చారలు, పొట్ట మీద బనీను అంచు మడత పడి కోసుకుపోతోంది. జిప్పు లాగగానే అతనికి సగం ఊపిరి తిరిగొచ్చింది. ఏందప్పా ఇది అంటే, ఎంత బిగిస్తే అంత తొందరగా అతుక్కుంటాదని చేసినా సిస్టర్, అన్నాడు. నాకు కోపమొచ్చింది. సగం అతని మీద, సగం మొదటి రోజు టేపు తీయని నా మీద.

మళ్లీ ముప్పై ఎనిమిది తొడిగాను. ఈసారి అతని చేతే పరీక్ష చేయించాను. అంచు కింద రెండు వేళ్లు దూరాలి. నిండుగా ఊపిరి పీలిస్తే అడ్డం రాకూడదు. చెయ్యెత్తితే చంకలో కోయకూడదు. మడత పడకూడదు, తిమ్మిరెక్కకూడదు. లోపల నూలు గుడ్డ, ముందు జిప్పు ఉండాలి. మా ఎండలకు ఒకటి ఉతికి ఆరేసేలోపు వేసుకోవడానికి ఇంకొకటి ఉండాలి. అన్నీ అయ్యాక డాక్టరును అడిగి, అతన్ని ఓబుళేశు కళ్లెదుటే కిందికి దిగి మళ్లీ ఎక్కి రమ్మన్నాను. రెండుసార్లు. రెండోసారి మాట్లాడుకుంటూ ఎక్కాడు. ఓబుళేశు తువ్వాల సర్దుకుని అల్లుడి వెనకే దిగిపోయాడు.

నిశ్చితార్థం జరిగింది. రెండు నెలల తర్వాత ఓబుళేశు పెళ్లి పత్రిక పట్టుకుని ఒక్కడే వార్డుకు వచ్చాడు. పత్రిక బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

"గుండెది కాదని, ఏం కోసినారో గూడా ఆ పొద్దే బస్సులో పిల్లోడు చెప్పేసినాడమ్మా. నేను ఒక్క మాట అనలేదు."

సంతోషమన్నాను. అతను లేవలేదు.

"అది యాభై ఏండ్లోళ్లకు గూడా చేస్తారా?"

"ఎవరికన్నా?"

అతను తువ్వాలను ఛాతీ మీదికి ఇంకొంచెం లాక్కున్నాడు. కన్యాదానానికి పీటల మీద తండ్రి కూడా చొక్కా లేకుండానే కూర్చోవాలని అప్పుడు తట్టింది నాకు. బస్సులో అల్లుడు అసలు సంగతి చెప్పినా ఆ సంబంధాన్ని ఎందుకు వదులుకోలేదో కూడా అప్పుడే అర్థమైంది. మనిషి మీద జాలేసింది.

"నా సైజు నలభై నాలుగు. రాసుకో" అన్నాడు.

సొరుగులోంచి టేపు తీశాను. "రాసుకుంటా గానీ, ముందు తువ్వాల తీయన్నా" అన్నాను. కొలిస్తే నలభై వచ్చింది.

రిటైరయ్యేదాకా, నా చేత్తో కొలవని సైజు రిజిస్టరులో ఎక్కించలేదు.