శ్రీరామ పేరున్న రంపం

పోయిన వారం మా అశోక్‌నగర్ వీధిలో కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలు కొట్టడానికి మెషిన్ రంపంతో ఇద్దరు వచ్చారు. ఆ మోత వినగానే పొయ్యి కట్టేసి బాల్కనీలోకి వెళ్లి ముందు రంపం బారు చూశాను. తొంభైలలో మా మామగారు అంటించిన అలవాటు అది.

మామగారు చెట్లు కొట్టించే కాంట్రాక్టులు చేసేవారు. పాలవాడి కొలత నుంచి గోడ గడియారం దాకా ఆయన దేన్నీ నమ్మేవారు కాదు. రంపానికి గొలుసు తిరిగే పొడవాటి ఇనుప బద్ద ఉంటుంది, దాన్నే బారు అంటారు. దాన్ని ఎవరైనా మార్చేస్తారని భయపడి సుల్తాన్ బజార్ గిన్నెల షాపుకు పట్టుకెళ్లి, స్టీలు చెంబుల మీద పేర్లు కొట్టినట్టు 'శ్రీరామ' అని కొట్టించుకొచ్చారు. రోజూ సాయంత్రం రంపం ఇంటికి రాగానే ఆ అక్షరాలు సరిచూడడం కొత్త కోడలిగా నాకు దక్కిన ఉద్యోగం. నేనూ తక్కువ తినలేదు, టార్చి వేసి మరీ చూసేదాన్ని.

రంపం పట్టేది పాలమూరు నుంచి వచ్చి ముషీరాబాద్ బస్తీలో ఉంటున్న మనిషి. కొన్నాళ్లకు కోత వంకర పోసాగింది. "బారు కింది అంచు అరిగింది సార్. తిప్పి ఎక్కిస్తే సక్కగయితది," అన్నాడతను. "దేవుని పేరు తలకిందులు చేస్తవా? ఏంది నీ మతలబు?" అని మామగారు గయ్యిమన్నారు. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం అక్షరాలు తలకిందులుగా కనిపించాయి. బారు విప్పి ఎక్కడో సొంత పనికి వాడుకుని, హడావిడిలో తిరగేసి బిగించాడనుకున్నాను. వెంటనే మామగారి చెవిన వేశాను. మర్నాడే అతని పని పోయింది. "ఇంట్ల పిల్లలున్నరు సార్. ఒక్కసారి నిన్నటి కోత జూడుండ్రి," అన్నాడు. ఎవరమూ చూడలేదు.

మామగారు బారును మళ్లీ మామూలుగా బిగించారు. కొత్త మనిషి నారాయణగూడలో ఒక మాను కోస్తుంటే రంపం వంకరపోయి సగంలో ఇరుక్కుపోయింది. షాపుకు పంపితే భాగాలు మారుస్తారని చిక్కడపల్లి మెకానిక్‌ను ఇంటికే పిలిపించారు. అతను గొలుసు పన్నుకు స్కేలు ఆనించి, "జర చూడుండ్రి. స్కేలుకు, బారుకు నడుమ సందుండాలె. గొలుసు పక్కకు వాలి సందు లేకుండ పోయింది," అన్నాడు. గొలుసు నడిచే గాడి కింది వైపు అరిగి వెడల్పయింది, పై వైపు కొత్తదానిలా ఉంది. "తిప్పుకుంట వాడకపోతే గిట్లనే అయితది." అంచున లేచిన ఇనుప పొరను ఆకురాయితో రాసి, గాడిని సుత్తితో మెల్లగా దగ్గరికి కొట్టి, బారు తిప్పి బిగించాడు. కోత గీత గీసినట్టు వచ్చింది.  మర్నాడు మామగారు, బారు తిప్పినా నిలువుగా కనబడేలా రెండో వైపూ 'శ్రీరామ' కొట్టించుకొచ్చారు.

నేను సిగ్గుతో ఆ పాత మనిషిని వెతుక్కుంటూ ముషీరాబాద్ వెళ్లాను. అతను తట్ట పట్టుకుని స్లాబు పనికి బయల్దేరుతున్నాడు. "రంపం బాగైందా అక్కా? మంచిది," అన్నాడు. మళ్లీ పనికి రమ్మన్నాను. "రాను. రోజు రంపం జూస్తుంటిరి కద. ఎందుకు తిప్పినవని నన్ను ఒక్క మాట అడగకపోతిరి."

ముప్పై ఏళ్లు కావస్తోంది. ఆ ఒక్క మాట అడగడానికి ఆ సాయంత్రం నాకు కావలసినంత సమయం ఉండింది.