కనకాంబరం రంగు నేర్పిన మేనత్త

మా దీవిలోని డాలీగంజ్‌లో ఉండే మా మేనత్త పోయిన నెల కన్నుమూసింది. మధ్యాహ్నం అత్త పక్కింటి దీదీ ఆఫీసుకు ఫోన్ చేసి, "ఆప్ కీ బువా నహీ రహీ" అంది. హిందీలో విన్నందుకేమో, నాకు ఏడుపు కాస్త ఆలస్యంగా వచ్చింది.

అత్త నోట ఆరెంజ్, పింక్ అనే మాటలు వినలేదు నేను. జాకెట్టు ముక్క కొనడానికి వెళితే వంకాయ రంగు, మెంతి రంగు, ఉల్లిపొట్టు రంగు అనేది. "బట్టల కొట్టుకొచ్చామా, కూరల కొట్టుకొచ్చామా?" అని ఏడిపించేదాన్ని.

"తిన్నదీ సూసిందీ కాక రంగుకి ఇంకేటి పేరెడతారే?" అనేది.

చిక్కంతా కనకాంబరంతోనే. మా వీధిలో ఎవరింటా ఆ మొక్క లేదు. పువ్వు చూపించకుండా నా కూతురికి రంగు పేరు నేర్పడం అత్తకు ఇష్టం లేదు. అందుకే ఒకసారి విశాఖ నుంచి ఓడలో వస్తూ ఎండిన కనకాంబరం కాయలను కొంగున ముడేసుకుంది. డెక్ మీద కెరటం జల్లు పడి కొంగు తడిసింది. తడి తగిలితే ఆ కాయలు ఊరుకుంటాయా, టపటపా పేలాయి. "ఓలమ్మో, ఏటో కుట్టేస్తంది!" అని అత్త గంతులేసిందట. సంగతి తెలిశాక డెక్ మీదున్నవాళ్ళంతా నవ్వుతూనే వంగి గింజలు ఏరిపెట్టారు. మా దీవుల మనుషులు అలాంటివాళ్ళు.

ఆ గింజలు మొలిచి మొక్కలు పూశాయి. మొదటి మాల నా కూతురి జడలోకే వెళ్ళింది. అది అద్దంలో చూసుకుని అత్తతో, "నానీ, నారంగీ ఫూల్ బహుత్ అచ్ఛా హై" అంది. నారింజ రంగంటూ మళ్ళీ హిందీలోనే చెప్పిందని నేను కసిరాను.

"తిట్టకే. ముందు ఇష్టం పుట్టాల. పేరు ఎనకాల అదే వస్తాది" అంది అత్త.

కనకం అంటే బంగారం, అంబరం అంటే బట్ట అని నేనోసారి చెబితే పకపకా నవ్వింది. "బట్ట పేరు పువ్వుకిచ్చి, పువ్వు పేరు మళ్ళీ బట్టకి తెచ్చుకున్నారన్నమాట. బాగుంది ఇచ్చిపుచ్చుకోడం!"

నా కూతురు మాత్రం నారంగీ అనే అంటూ వచ్చింది. కనకాంబరం అనే ఆ ఒక్క మాటా దాని నోట వినకుండానే అత్త వెళ్ళిపోయిందని నాకు బాధ.

కర్మకాండ ముగిశాక, వేరే దీవి నుంచి వచ్చిన చుట్టాలను సాగనంపడానికి ఫీనిక్స్ బే జెట్టీకి వెళ్ళాం. బోటు రెయిలింగుకు పాత లైఫ్ జాకెట్లు ఆరేసి ఉన్నాయి. ఎండకు వెలిసి లేత రంగుకు తిరిగాయి. నా కూతురు నా చెయ్యి లాగింది.

"మమ్మీ, ఉధర్ దేఖో! అన్నీ కనకాంబరం రంగే!"

బోటు కదిలింది. జాకెట్లు వరసగా గాలికి ఊగుతూ నీలి నీటి మీదుగా దూరమవుతుంటే, అవి కనిపించినంతసేపూ ఇద్దరం జెట్టీ మీదే నిలబడ్డాం.